ఐర్లాండ్ పాత పండగలు ఇంట్లో ఎలా చేసుకోవాలి: బ్రిజిడ్ శిలువ, మే పూలు, హాలోవీన్ బ్రాక్, క్రిస్మస్ కొవ్వొత్తి

ఐర్లాండ్ పండగ అనగానే మార్చి 17న జరిగే సెయింట్ పాట్రిక్ ఊరేగింపు, పచ్చ టోపీలు గుర్తొస్తాయి. అది వీధిలో జరిగే పండగ. గుమ్మం దగ్గర, కిటికీలో, వంటింట్లో చేసుకునే పండగలు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటికి పెద్ద ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. డబ్లిన్, కార్క్, లిమరిక్ లాంటి ఊళ్ళలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఫిబ్రవరి మొదట్లో బడి నుంచి గడ్డితో అల్లిన శిలువ తెస్తారు, అక్టోబరు చివర్లో ఉంగరం దాచిన కేకు గురించి అడుగుతారు. ఆ పిల్లలతో కలిసి ఇంట్లో సరిగ్గా చేసుకోవాలనుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఐర్లాండ్‌లో లేకపోయినా వీటిలో చాలావరకు చేసుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు రెండు సంగతులు తెలియాలి.

మొదటిది: పండగ ముందురోజు పొద్దుగూకగానే మొదలవుతుంది. పాత ఐరిష్ లెక్కలో రోజు రాత్రితో మొదలవుతుంది కాబట్టి అసలు పనులన్నీ ముందురోజు సాయంత్రమే జరుగుతాయి. జనవరి 31, ఏప్రిల్ 30, జూన్ 23, అక్టోబరు 31, డిసెంబరు 24. క్యాలెండర్‌లో ఈ ఐదు సాయంత్రాలను గుర్తు పెట్టుకోండి. తెల్లారాక మొదలుపెడితే సగం పండగ అయిపోయినట్టే.

రెండోది: ఊరికో పద్ధతి ఉంటుంది. డోనెగల్‌లో చేసేది కెర్రీలో చేయరు. మీరున్న ప్రాంతపు పద్ధతి తెలుసుకోవాలంటే డూకస్ (duchas.ie) అనే వెబ్‌సైట్ తెరిచి మీ కౌంటీ పేరు, ఊరి పేరు కొట్టి వెతకండి. 1937 నుంచి 1939 వరకు ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ దాదాపు 5,000 బడుల పిల్లల చేత వాళ్ళ తాతలు, అమ్మమ్మలు చెప్పిన ఆచారాలు, కథలు, చిట్కాలు రాయించింది. సుమారు 50,000 మంది పిల్లలు రాశారు. ఆ నోటు పుస్తకాల పేజీలు పిల్లల చేతిరాతతోనే అక్కడ ఉచితంగా చదువుకోవచ్చు. మీ వీధికి రెండు మైళ్ళ అవతల 90 ఏళ్ళ కిందట పండగ ఎలా జరిగిందో ఒక బడిపిల్ల రాసిన అక్షరాల్లో చదవడం, ఇంటర్నెట్‌లో దొరికే ‘సెల్టిక్ ఆచారాల’ జాబితాలకంటే వెయ్యి రెట్లు మేలు.

జనవరి 31: బ్రిజిడ్ వచ్చే రాత్రి

ఏడాదిలో ఒక్క పండగే చేసుకోగలిగితే నేను దీన్నే చేసుకోమంటాను. ఫిబ్రవరి 1 సెయింట్ బ్రిజిడ్ పండగ, ఐర్లాండ్‌లో వసంతానికి తొలిరోజు. కిల్డేర్‌లో మఠం స్థాపించిన బ్రిజిడ్ దాదాపు 525లో కన్నుమూసిందని సంప్రదాయం చెబుతుంది. అదే పేరుతో అంతకుముందే ఒక దేవత కూడా ఉండేది. ఇద్దరి కథలూ జనం నోళ్ళలో కలిసిపోయాయి. పశువులు, పాలు, వెన్న, నిప్పు, కాన్పులు అన్నీ ఆమె చూసుకుంటుందని నమ్మకం. ఆ రాత్రి ఆమె ఊరంతా తిరుగుతూ ఇంటింటినీ దీవిస్తుందంటారు. 2023 నుంచి ఈ పండగకు ప్రభుత్వ సెలవు కూడా ఇస్తున్నారు. ఆ సెలవు ఫిబ్రవరి మొదటి సోమవారం వస్తుంది. ఫిబ్రవరి 1 శుక్రవారమైతే ఆ రోజే ఇస్తారు. కానీ మీరు సోమవారం దాకా ఆగకండి, శిలువ అల్లే రాత్రి మాత్రం జనవరి 31 రాత్రే.

ముందుగా గడ్డి సంపాదించాలి. దీన్ని రషెస్ అంటారు. మన తుంగలాగే చిత్తడి నేలల్లో, నీరు నిలిచే పచ్చిక బయళ్ళలో గుబురుగా పెరుగుతుంది. ఐర్లాండ్‌లో పల్లె దారి పట్టుకుని పోతే కనబడని చోటు ఉండదు. పొలం ఎవరిదో కనుక్కుని అడిగి తీసుకోండి. రైతులకు ఇది కలుపు మొక్క కాబట్టి కాదనేవాళ్ళు తక్కువ. అడిగేటప్పుడు శిలువ కోసమని చెబితే మంచి గుబురు ఎక్కడుందో వాళ్ళే చూపిస్తారు.

కత్తి, కత్తెర తీసుకెళ్ళకండి. బ్రిజిడ్ గడ్డిని కోయకూడదు, చేత్తో పీకాలి. కాడను మొదట్లో, నేలకు దగ్గరగా పట్టుకుని నెమ్మదిగా పైకి లాగితే తెల్లటి మొదలుతో సహా జారి వస్తుంది. మోచేతి పొడవుకు తగ్గనివి, పచ్చగా ఉన్నవి, చివర ఎండనివి ఏరుకోండి. ఒక శిలువకు పాతిక దాకా కావాలి. విరిగిపోయేవి కొన్ని ఉంటాయి కాబట్టి నలభై తెచ్చుకోండి. ఒక కాడను చీల్చి పిల్లలకు చూపించండి: లోపల స్పాంజిలాంటి తెల్లటి బెండు ఉంటుంది. కరెంటు రాకముందు పేద ఇళ్ళలో ఆ బెండునే కరిగిన కొవ్వులో ముంచి దీపంగా వెలిగించుకునేవాళ్ళు.

ఇక ఇంటికి వచ్చే పద్ధతి. డోనెగల్ వైపు చాలా ఇళ్ళలో ఇలా చేసేవాళ్ళు. ఇంట్లో ఒకరు, ఎక్కువగా ఆడపిల్ల, గడ్డి మోపుతో బయట నిలబడుతుంది. మిగతావాళ్ళు తలుపు వేసుకుని లోపల మోకాళ్ళ మీద ఉంటారు. బయటి పిల్ల తలుపు తట్టి, ‘మోకాళ్ళ మీద కూర్చోండి, కళ్ళు తెరవండి, బ్రిజిడ్‌ను లోపలికి రానివ్వండి’ అంటుంది. లోపలివాళ్ళు ‘ఆమెకు స్వాగతం, స్వాగతం’ అంటారు. ఇలా మూడుసార్లు పిలిచాక తలుపు తీస్తారు. గడ్డిని భోజనాల బల్ల కింద పెట్టి, అందరూ కూర్చుని వెన్న దండిగా వేసిన బంగాళదుంపల భోజనం చేసి, ఆ తర్వాతే శిలువ అల్లడం మొదలుపెడతారు. మీ ఇంట్లో పిల్లలుంటే ఈ భాగం వదిలేయకండి. చిన్నవాళ్ళకు జన్మంతా గుర్తుండేది ఇదే.

నాలుగు చేతుల శిలువ అల్లడం:

1. అన్నిటికంటే గట్టి కాడ ఒకటి తీసుకుని ఎడమ చేత్తో నిలువుగా పట్టుకోండి.

2. రెండో కాడను సగానికి మడిచి, ఆ మడతను నిలువు కాడ మధ్యలో తగిలించండి. రెండు కొసలూ మీ కుడివైపుకు ఉండాలి. కలిసిన చోటును బొటనవేలితో, చూపుడు వేలితో నొక్కి పట్టుకోండి. చివరి దాకా ఆ పట్టు వదలకూడదు.

3. మొత్తాన్ని గడియారం ముల్లుకు ఎదురు దిశలో పావు చుట్టు తిప్పండి. ఇప్పుడు రెండో కాడ కొసలు పైకి చూస్తాయి.

4. మూడో కాడను సగానికి మడిచి, పైకి చూస్తున్న కాడలన్నిటినీ కలిపి పట్టేలా తగిలించండి. కొసలు మళ్ళీ కుడివైపుకే. మధ్యలోకి జరిపి బిగించండి.

5. మళ్ళీ పావు చుట్టు తిప్పండి. కొత్త కాడ మడవండి, పైకి ఉన్నవాటన్నిటి మీదుగా తగిలించండి, బిగించండి. కాడలు అయిపోయేదాకా ఇంతే.

6. మధ్యలో చతురస్రం అరచేతిలో సగం అయ్యాక ఆపి, నాలుగు చేతుల కొసలను దారంతో గట్టిగా కట్టి, కత్తెరతో సమానంగా కత్తిరించండి. కత్తెర వాడేది ఇక్కడ మాత్రమే.

ఐదారు కాడల దాకా ఏ ఆకారమూ రాదు, చేతిలో చిందరవందరగా ఉంటుంది. టెన్షన్ పడకండి. ఎనిమిదో కాడ దగ్గర్లో మధ్యలో చతురస్రం కనబడుతుంది, అక్కడినుంచి చేయి దానంతట అదే సాగుతుంది. మడిచేటప్పుడు పచ్చి కాడ చిన్నగా కిర్రుమంటుంది. అది మంచి గుర్తే. టప్‌మని విరిగితే మాత్రం కాడ ఎండిందని అర్థం, కాసేపు నీళ్ళలో నానబెట్టండి. ఎక్కువమంది చేసే తప్పు కాడలను మధ్యకు బిగించకుండా వదులుగా వదిలేయడం. పచ్చి గడ్డి ఎండేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి వదులుగా అల్లింది పది రోజుల్లో ఊడిపోతుంది. బిగుతుగా అల్లినా రెండు వారాల తర్వాత కట్లు విప్పి మళ్ళీ కట్టాలి. రషెస్ దొరకని చోట కాగితపు స్ట్రాలతో, బడుల్లో వాడే పైప్ క్లీనర్లతో ఇదే పద్ధతిలో అల్లుకోవచ్చు.

శిలువను ఇంటి గుమ్మం పైన లోపలివైపు తగిలించండి. ఇంటికి నిప్పు అంటుకోకుండా, ఆకలి, రోగం లోపలికి రాకుండా కాపాడుతుందని నమ్మకం. పాత శిలువలను గడ్డి కప్పు లోపలివైపు అలాగే ఉంచేసేవాళ్ళు. కొన్ని ఇళ్ళలో కాల్చేసి కొత్తది పెట్టేవాళ్ళు. చెత్తబుట్టలో మాత్రం వేయకండి. 1961 డిసెంబరు 31న ఐరిష్ టీవీ మొదలైనప్పుడు దాని గుర్తుగా పెట్టుకున్నది ఈ శిలువనే. మూడు చేతులవి, వజ్రాల ఆకారంలో అల్లినవి, ఇంకా ఎన్నో రకాలున్నాయి. మేయో కౌంటీ టర్లో పార్కులోని గ్రామీణ జీవన మ్యూజియం వైపు వెళ్తే అవన్నీ చూసి రండి, ప్రవేశం ఉచితం.

అదే రాత్రి పడుకునే ముందు ఒక శుభ్రమైన గుడ్డముక్కనో, స్కార్ఫ్‌నో బయట పొద మీద గానీ కిటికీ అంచున గానీ వేసి ఉంచండి. దీన్ని బ్రాట్ బ్రీజ అంటారు, అంటే బ్రిజిడ్ పైబట్ట. ఆమె దారిన పోతూ ముట్టుకుంటుందని, దానికి నయం చేసే గుణం వస్తుందని చెబుతారు. పొద్దున్నే తీసి మడిచి దాచుకోండి. తలనొప్పి వస్తే తలకు చుట్టుకునేవాళ్ళు, ఆవు ఈనేటప్పుడు దాని మీద కప్పేవాళ్ళు. ఇప్పటికీ ఎంతోమంది ఐరిష్ ఆడవాళ్ళ బీరువాల్లో ఆ గుడ్డ ఉంటుంది. ఆఫీసులో తోటివాళ్ళను అడిగి చూడండి, కళ్ళు మెరుస్తూ చెబుతారు.

ఫిబ్రవరి 1న చక్రం తిరిగే పని చేయకూడదని కొన్నిచోట్ల పట్టింపు. రాట్నం తిప్పేవాళ్ళు కాదు, బండి కట్టేవాళ్ళు కాదు. ఈ కాలంలో కారు తీయకుండా కుదరదు గానీ, కుట్టు మిషన్‌కు ఆ రోజు సెలవు ఇవ్వచ్చు.

ఏప్రిల్ 30: గుమ్మానికి పసుపు పూలు

ఇది అరగంట పని. మే 1న వేసవి మొదలు. ఆ సంధ్యవేళ ఇంటి వెన్నను, పాలను, అదృష్టాన్ని ఎవరైనా మంత్రం వేసి లాక్కుపోతారని భయం ఉండేది. అందుకని చీకటి పడకముందే పిల్లలు పసుపు పూలు కోసుకొచ్చి గడప మీద, కిటికీ అంచుల్లో చల్లేవాళ్ళు. ప్రిమ్‌రోజ్, మార్ష్ మేరీగోల్డ్, ముళ్ళ పొద గోర్స్ ఇందుకు వాడేవాళ్ళు. అడవి పూలు గుప్పెడుకు మించి కోయకండి. పెరట్లో పసుపు పూలు ఏవి ఉన్నా సరిపోతాయి.

మే పొద కూడా ఉంది: ముళ్ళ చెట్టు హాథార్న్ కొమ్మను ఇంటి ముందు పాతి, రంగు రిబ్బన్లు, ఈస్టర్ నాటి గుడ్డు పెంకులు కట్టడం. ఇక్కడ జాగ్రత్త. ఐర్లాండ్‌లో మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు పక్షులు గూళ్ళు పెట్టే కాలం కాబట్టి కంచె చెట్లు నరకకూడదని చట్టం. అందుకే కొమ్మ కొట్టకుండా మీ పెరట్లోని పొదనే ఉన్నచోట అలంకరించండి. హాథార్న్ పూలను ఎట్టి పరిస్థితిలోనూ ఇంట్లోకి తేకండి, అది కీడని నమ్ముతారు. పొలం మధ్య ఒంటరిగా నిలబడ్డ హాథార్న్ కనిపిస్తే ముట్టుకోకండి. అది అదృశ్య జనానిది, అంటే ఫెయిరీలదని నమ్మకం. ఈ నమ్మకం ఎంత బలమైనదంటే, 1999లో క్లేర్ కౌంటీ లాటూన్ దగ్గర అలాంటి పొద మీదుగా రోడ్డు వేయబోతే, జానపద కథలు సేకరించే ఎడ్డీ లెనిహన్ గట్టిగా అడ్డుపడ్డాడు, పొదను వదిలేసి రోడ్డు వేశారు.

మే 1న ఇంట్లోంచి నిప్పు, పాలు, ఉప్పు బయటివాళ్ళకు ఇవ్వరు. పొరుగింటి పెద్దావిడను ఆ రోజు పాలు అడగకుండా ఉండటమే మర్యాద. తెల్లవారుజామున గడ్డి మీది మంచుతో మొహం కడుక్కుంటే ఏడాదంతా మొహం కళగా ఉంటుందంటారు. చలికి ఓర్చుకోగలిగితే పిల్లలకు మంచి సరదా.

జూన్ 23 సెయింట్ జాన్ మంటల గురించి ఒక్క మాటే చెబుతాను. పశ్చిమ కౌంటీల్లో ఆ రాత్రి ఊరి మంట వేస్తారు. సొంతంగా వేయకండి, ఊరివాళ్ళు వేసే మంట దగ్గరికి వెళ్ళండి.

అక్టోబరు 31: ఈహ హౌన

హాలోవీన్ పుట్టిల్లు ఐర్లాండే. ఇక్కడ దాని పేరు ఈహ హౌన, పాత ఏడాది ముగిసి చలికాలం మొదలయ్యే రాత్రి. చనిపోయిన వాళ్ళు ఆ రాత్రి ఇంటికొస్తారని నమ్మకం. ప్లాస్టిక్ అస్థిపంజరాల కంటే ముందు బార్మ్‌బ్రాక్ సంగతి చూడండి. కిస్‌మిస్ నిండిన ఈ తీపి రొట్టెలో జోస్యం దాస్తారు.

పాతది ఈస్టుతో చేసేది. టీతో చేసే ఈ తేలిక పద్ధతి ఇప్పుడు ఎక్కువ ఇళ్ళలో కనిపిస్తుంది:

ముందురాత్రి 300 మిల్లీలీటర్ల చిక్కటి డికాక్షన్ టీ, పాలు లేకుండా, కాచండి. అందులో 375 గ్రాముల కిస్‌మిస్, 150 గ్రాముల బ్రౌన్ షుగర్ వేసి మూతపెట్టి వదిలేయండి. తెల్లారేసరికి కిస్‌మిస్ ఉబ్బి టీని దాదాపు తాగేస్తుంది. దానిలో 225 గ్రాముల సెల్ఫ్ రైజింగ్ మైదా, ఒక చెంచా మిక్స్‌డ్ స్పైస్, గిలకొట్టిన గుడ్డు ఒకటి వేసి కలపండి. గుడ్డు తినని ఇంట్లో పావు కప్పు పెరుగు వేస్తే సరిపోతుంది. నూనె, వెన్న వేయరు. బటర్ పేపర్ పరిచిన రొట్టె టిన్నులో పోసి 165 డిగ్రీల దగ్గర గంటా పావు ఉంచండి. మధ్యలో పుల్ల గుచ్చితే తడి లేకుండా రావాలి. పైన త్వరగా నల్లబడుతుంటే రేకు కప్పండి. పూర్తిగా చల్లారాక కోసి వెన్న రాసుకుని తినాలి. నన్నడిగితే రెండో రోజు ఇంకా రుచి.

లోపల ఏం దాచాలి? ఉంగరం దొరికితే పెళ్ళి, నాణెం దొరికితే డబ్బు, బఠాణీ గింజ వస్తే ఈ ఏడు పెళ్ళి లేదు, గుడ్డపేలిక వస్తే చేతిలో డబ్బాడదు, పుల్ల వస్తే కలహాల కాపురం. ఒక్క ఉంగరం చాలు, బజారు బ్రాక్‌లలో కూడా ఇప్పుడు అదే ఉంటుంది. బటర్ పేపర్‌లో చుట్టి, రొట్టె కాలాక అడుగునుంచి గుచ్చి పెట్టండి. కోసే ముందు లోపల ఉంగరం ఉందని అందరికీ చెప్పాలి, చిన్నపిల్లల ముక్కలు మీరే విరిచి చూసి ఇవ్వాలి.

రాత్రి భోజనానికి కోల్‌కానన్. కిలో బంగాళదుంపలు తొక్కతో ఉడికించి ఒలిచి మెత్తగా మెదపండి. రూస్టర్, కెర్స్ పింక్ రకాలు బాగా పిండిపిండిగా వస్తాయి. ఉల్లికాడలు కాగిన పాలలో వేసి మగ్గించి, ఉడికించి తరిగిన కేల్ ఆకుతో కలిపి దుంపల్లో కలిపేయండి. ఉప్పు, మిరియాలు వేసి పళ్ళెంలో గుట్టగా పెట్టి, మధ్యలో గుంట చేసి వెన్న ముద్ద వేస్తే కరిగి మడుగు కడుతుంది. అంచునుంచి తీసుకుంటూ వెన్నలో ముంచుకుని తినాలి. ఇది పూర్తిగా శాకాహారమే. తినగానే ఒక గరిటెడు విడిగా గిన్నెలో తీసి గట్టు మీద ఉంచండి, వచ్చిపోయే పెద్దల కోసం. పొయ్యి చుట్టూ ఊడ్చి, వాళ్ళు కూర్చోవడానికి కుర్చీలు వేసి పడుకునే ఇళ్ళుండేవి.

దీపం కోసం పాతకాలం వాళ్ళు వాడింది గుమ్మడికాయ కాదు, టర్నిప్. స్వీడ్ పేరుతో కూడా అమ్మే పెద్ద ఊదారంగు దుంప అది. చాలా గట్టి, కత్తితో తొలవడం ప్రమాదం. పైభాగం కోసి, లోహపు చెంచాతో కొద్దికొద్దిగా గీకండి. గంట పడుతుంది. వచ్చే మొహం మాత్రం గుమ్మడికాయకు ఎప్పటికీ రానంత భయంగా ఉంటుంది. డోనెగల్‌లోని ఫింటౌన్ నుంచి వచ్చిన అలాంటి టర్నిప్ మొహపు ప్లాస్టర్ అచ్చు టర్లో పార్కు మ్యూజియంలో ఉంది, పిల్లలకు చూపించే ముందు మీరు చూసుకోండి.

తలుపు తట్టే పిల్లలకు చాక్లెట్లతో పాటు తొక్కతో ఉన్న వేరుశెనగకాయలు ఇవ్వడం ఇక్కడి మామూలు. ఎలర్జీ ఉందేమో ముందు అడగండి. దీపావళి కూడా ఈ రోజుల్లోనే వస్తుంది కాబట్టి ఒక హెచ్చరిక: లైసెన్సు లేకుండా టపాసులు దగ్గర పెట్టుకోవడం, కాల్చడం ఐర్లాండ్ రిపబ్లిక్‌లో చాలావరకు నేరం. దుకాణంలో కాకుండా చేతుల మీదుగా అమ్మేవి కొనకండి.

డిసెంబరు 24 నుంచి జనవరి 6

క్రిస్మస్ ముందురాత్రి చీకటి పడగానే వీధివైపు కిటికీలో పెద్ద కొవ్వొత్తి పెడతారు. చోటు దొరక్క తిరుగుతున్న మేరీ, జోసెఫ్‌లకు ఈ ఇంట్లో చోటుందని చెప్పడం దాని ఉద్దేశం. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళ చేత వెలిగించండి. పూర్వం తొలిచిన టర్నిప్‌లో గుచ్చి నిలబెట్టేవాళ్ళు. రాత్రంతా వెలగాలి కాబట్టి కర్టెన్లున్న కిటికీలో బ్యాటరీ కొవ్వొత్తి పెట్టుకోండి, అందులో తప్పేమీ లేదు. 1990లో దేశాధ్యక్షురాలిగా ఎన్నికైన మేరీ రాబిన్సన్ తన అధికార నివాసం కిటికీలో ఇలాంటి దీపమే పెట్టించారు. దేశం విడిచి పోయిన ఐరిష్ వాళ్ళందరి కోసం అది. సంక్రాంతికి ఊరికి వెళ్ళలేకపోయిన మనలాంటి వాళ్ళకు ఆ దీపం సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

డిసెంబరు 26న రెన్ పిట్ట పండగ. దీన్ని ఇంట్లో చేసుకోలేం, కెర్రీలోని డింగిల్ వెళ్ళి చూడాలి. గడ్డితో అల్లిన దుస్తులు, ముసుగులు వేసుకుని, డోళ్ళు, ఫైఫ్‌లనే చిన్న పిల్లనగ్రోవులు వాయిస్తూ జట్లు జట్లుగా తిరుగుతారు. ఒకప్పుడు నిజం పిట్టను చంపి కర్రకు కట్టి ఊరేగించేవాళ్ళు, ఇప్పుడు బొమ్మనే పెడుతున్నారు. జేబులో చిల్లర ఉంచుకోండి, డబ్బా చాపుతారు. ముసుగు తీయమని ఎవరినీ అడగకండి.

ఆఖరిది జనవరి 6, ఆడవాళ్ళ క్రిస్మస్, నొలిగ్ నా మాన్. కార్క్, కెర్రీల్లో బాగా నిలిచి ఉన్న ఆచారం. పన్నెండు రోజులు వండి వడ్డించిన ఆడవాళ్ళకు ఆ రోజు పూర్తి విశ్రాంతి. అమ్మలు, అత్తలు, అక్కచెల్లెళ్ళు, స్నేహితురాళ్ళు కలిసి టీకో, భోజనానికో బయటకు వెళ్తారు. ఆ రోజు చేయవలసినవి మగవాళ్ళకే చెబుతున్నాను. ముందురోజే సరుకులు తెచ్చుకోండి. ఉదయం కాఫీ దగ్గర్నుంచి రాత్రి గిన్నెలు కడగడం దాకా మీదే. ‘ఉప్పు డబ్బా ఎక్కడుంది’ అని ఫోన్ చేయకండి. చీకటి పడ్డాక క్రిస్మస్ చెట్టు, హాలీ అనే ముళ్ళ ఆకుల చెట్టు కొమ్మలు, దీపాలు తీసి పెట్టెలో సర్దేయండి. అంతకంటే ముందు తీస్తే ఇంటికి మంచిది కాదంటారు.